జపాన్ పెట్టె: సగం చేతికి, సగం అటకకి

పిల్లలకు జపాన్ సంస్కృతి నేర్పే ఈ పెట్టె కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. 2,800 రూపాయలు పెట్టి మాత్రం కొనొద్దు. పండగ ఆఫర్లలో 1,800 దాకా దిగుతుంది, అప్పుడైతే ఆలోచించండి. అప్పుడు కూడా ఇందులో సగం పనులే పిల్లల చేతికి అంటుతాయి, మిగతా సగం అటకెక్కుతాయి. కంపెనీ పేరు రాయడం లేదు. పిల్లలకు ప్రపంచ సంస్కృతులు నేర్పిస్తామంటూ ఇలాంటి పెట్టెలు ఆన్‌లైన్‌లో చాలానే తిరుగుతున్నాయి, లోపల సరుకు కొంచెం అటూ ఇటూగా ఇదే. దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు అన్నది తెలిస్తే పేరుతో పనేముంది.

మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. ఇద్దరు పిల్లకాయలు, పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి ఏడు. ఇద్దరికీ ఇంట్లోనే చదువు. (ఎన్‌ఐఓఎస్ అనే ఓపెన్ స్కూలు బోర్డు ఉంది, పరీక్షలు రాయిస్తాం. పెళ్ళిళ్ళలో కనపడి అడిగే ప్రశ్నలు దయచేసి ఇక్కడ వద్దు.) నేను చాలా ఏళ్ళు అబాకస్ సెంటర్లో పాఠాలు చెప్పాను, ఆ సంగతి కింద పనికొస్తుంది. మా ఆయనకి శ్రీసిటీలో ఉద్యోగం, స్టోర్స్ విభాగం. 2016లో ఇసుజు వాళ్ళ ఫ్యాక్టరీ మొదలైంది కూడా అక్కడే, ఇంకా చాలా జపాన్ కంపెనీలున్నాయి. దాంతో జపాన్ అంటే మా పిల్లలకు నాన్న డ్యూటీ కబుర్లలో రోజూ వినపడే ఊరు. వాళ్ళు ఆఫీసులో బూట్లు ఎక్కడ విప్పుతారు, అన్నం దేంతో తింటారు అని రాత్రి అన్నాల దగ్గర నాన్నని ప్రశ్నలతో చంపేస్తుంటే ఈ పెట్టె తెప్పించాను.

లోపల ఏమున్నాయంటే: మడిచి బొమ్మలు చేసే ఒరిగామి కాగితాలు, కుంచె, సిరా సీసా, వాళ్ళ అక్షరాల పటం, తెల్లగా రంగు వేయని దరుమ బొమ్మ, అబాకస్, వస్తువులు మూటగట్టే ఫురోషికి అనే చదరపు గుడ్డ, కాగితపు విసనకర్ర, కిమోనో తొడిగే కాగితం బొమ్మ, చేప ఆకారం జెండా, తనబత పండగ చీటీలు, వాటికో ప్లాస్టిక్ వెదురు కొమ్మ, మచ్చ అనే పచ్చ టీ పొడి, సోయా ముద్దతో చేసే మిసో సూప్ పొట్లం, ఇంగ్లీషులో ఒక పుస్తకం. ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి అని పెట్టె మీద రాశారు. పుస్తకం మాత్రం పదేళ్ళు దాటిన వాళ్ళకే కొరుకుడు పడుతుంది.

చెత్త సంగతి ముందు చూద్దాం, తొందరగా అయిపోతుంది. విసనకర్ర మీద చెర్రీ పూల స్టిక్కర్లు అంటించాలి. కాగితం బొమ్మకి కిమోనో కత్తిరించి అంటించాలి. చేప జెండాకి పొలుసులు అంటించాలి. అంతే, పిల్లలు అంటించారు, గోడకి తగిలించాం, మర్నాటికి మర్చిపోయారు. ఇలాంటివి స్కూళ్ళలో ప్రాజెక్టు వర్క్ పేరుతో చేయిస్తారనే కదా మేము ఇంట్లో చదువు పెట్టుకుంది! చేప జెండా మే 5న, వాళ్ళ పిల్లల దినోత్సవం నాడు ఎగరేస్తారు. ప్రవాహానికి ఎదురీదే కార్ప్ చేపలా పిల్లలు గట్టివాళ్ళు కావాలని. ఆ మాట పుస్తకంలో ఒక్క వాక్యం. పొలుసులు ఎక్కడ అంటించాలో మాత్రం రెండు పేజీలు.

ఇక నాకు ఒళ్ళు మండిన వస్తువు అబాకస్. పెట్టె మీద 'జపనీస్ అబాకస్' అని పెద్ద అక్షరాలు. లోపల చూస్తే పది కడ్డీలు, ఒక్కో కడ్డీకి పది పూసలు, ఇంద్రధనస్సు రంగులు. అది జపాన్‌ది కానే కాదు. మన చిన్నప్పుడు పలక చట్రానికి ఉండేవే, ఆ పూసలు. జపాన్ సొరోబాన్‌లో ప్రతి కడ్డీకి అడ్డుపట్టీ పైన ఒక పూస, కింద నాలుగు. పైదాని విలువ ఐదు, కింద ఒక్కోదాని విలువ ఒకటి. అడ్డుపట్టీకి ఆనిన పూసలే లెక్కలోకి వస్తాయి. చైనా వాళ్ళ పాత అబాకస్‌కి పైన రెండు, కింద ఐదు. వాళ్ళ దగ్గర్నుంచే తెచ్చుకున్నా, జపాన్ వాళ్ళు అవసరం లేని పూసలు తీసేసి దాన్ని చిక్కగా చేశారు.

ఎందుకింత పట్టింపు అంటారా. పది పూసల దాని మీద నాలుగుకి మూడు కలపమంటే పిల్లోడు ఇంకో మూడు పూసలు జరిపి, మొత్తం ఏడు లెక్కపెడతాడు. సొరోబాన్ మీద ఆ పప్పులుడకవు. కింద నాలుగూ అయిపోయాయి, ఇంక పూసల్లేవు. ఐదు పూస దించి, కింద రెండు తీసేయాలి. మూడు అంటే ఐదులోంచి రెండు పోగా మిగిలేది అని వేలికి తెలియాలి. ఆ తర్వాత మనసులోనే పూసలు కనపడతాయి, అబాకస్ తీసేసినా వేళ్ళు గాల్లో ఆడుతుంటాయి. సంస్కృతి అని దేన్నైనా అనాలంటే నేను దీన్ని అంటాను. తిరుపతిలో ఏ వీధిలో చూసినా అబాకస్ క్లాసుల బోర్డు కనపడుతుంది, అక్కడ చేరిన పిల్లకాయల్లో చాలామందికి తాము వేళ్ళతో తిప్పుతున్నది జపాన్ రూపమని తెలియదు. జపాన్ పేరు చెప్పి అమ్మే పెట్టెలో అదే లేదు. నా పాత సొరోబాన్ బీరువాలోంచి తీసి పిల్లలకిచ్చాను. చిన్నోడు ఇప్పుడు చిల్లర లెక్క దాని మీదే వేస్తున్నాడు.

ఒరిగామి కాగితాల దగ్గర ఇంకో రకం నిర్లక్ష్యం. సైజు 15 సెంటీమీటర్లని రాశారు. స్కేలు పెట్టి కొలిస్తే ఒక వైపు రెండు మిల్లీమీటర్లు తక్కువ. పడవకి, టోపీకి పరవాలేదు. కొంగ చేయాలంటే మాత్రం ప్రతి మడతా ముందు మడత అంచు మీద కూర్చోవాలి కాబట్టి ఆ రెండు మిల్లీమీటర్లు పోనుపోను పెరుగుతాయి. చివరికి ముక్కు వంకర, తోక వంకర. పెద్దది తనకే చేతకావడం లేదనుకుని ఏడుపు మొహం పెట్టింది. కాగితం కత్తిరించి సరి చేసి ఇస్తే కొంగ నిటారుగా నిలబడింది.

కొంగ పేజీలోనే సడాకో ససాకి కథ ఉంది, బాగానే రాశారు. 1945లో హిరోషిమా మీద బాంబు పడేనాటికి ఆ పిల్లకి రెండేళ్ళు. పదేళ్ళ తర్వాత రక్త క్యాన్సర్ బయటపడింది. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో ఆసుపత్రి మంచం మీద మడుస్తూ, 1955 అక్టోబరులో పన్నెండేళ్ళకి చనిపోయింది. వెయ్యి పూర్తికాక ముందే పోయిందని ఈ పుస్తకం చెప్తోంది. చాలాచోట్ల అలాగే రాస్తారు కానీ, వెయ్యి దాటే మడిచిందని ఆమె అన్నే చెప్పాడు. వెయ్యి దాటినా పిల్ల బతకలేదు అన్నది పిల్లలకు చెప్పడం కష్టం, అందుకే మార్చారేమో. మా పెద్దదానికి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అడిగిన ప్రశ్న వేరు: "అన్ని కాగితాలు ఆసుపత్రిలో ఎక్కడివి?" కాగితం దొరక్క మందుల పొట్లాల కాగితాలతో కూడా మడిచింది ఆ పిల్ల. అది పుస్తకంలో లేదు. ఉండుంటే రెండు మిల్లీమీటర్ల తేడాగల కాగితం కోసం ఎవరూ పెట్టె కొనరని తీసేశారేమో, నాకేం తెలుసు. మా ఇంట్లో ఇప్పుడు మాత్రల డబ్బాల్లో వచ్చే పల్చటి చీటీలు ఎవరూ పారేయడం లేదు. అవి నిజంగానే బాగా మడతపడతాయి. 1958లో హిరోషిమాలో పిల్లల శాంతి స్మారకం కట్టారు, ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు మడిచిన కొంగలు ఇప్పటికీ అక్కడికి వస్తుంటాయి.

పెట్టెలో డబ్బుకి తగ్గ వస్తువేదంటే కుంచె. వెంట్రుకలు రాలలేదు, నీళ్ళలో తడిపితే మొన చక్కగా కూడుకుంటుంది. సిరా మామూలు రకం, కాగితాలు పది ఇచ్చారు, అవి మొదటి రోజే అయిపోతాయి. తర్వాత మేము పాత హిందూ పేపర్ల మీద రాశాం, జపాన్‌లో కూడా సాధనకి పాత పేపర్లు వాడతారట, మా ఆయన వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారు.

మొదట నేర్పేది కొండ అనే మాటకి గుర్తుగా రాసే అక్షరం. మూడు గీతలు. నడుమ పొడుగు గీత ముందు, తర్వాత ఎడమ నుంచి కిందికి దిగి కుడికి తిరిగేది, చివర కుడి వైపు పొట్టి గీత. మూడు శిఖరాలు లేచినట్టు ఉంటుంది. మేడ మీద కూర్చోబెట్టి శేషాచలం ఎదురుగా పెట్టుకుని రాయించాను. చెట్టుకి నాలుగు గీతలు. రెండు చెట్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడు రాస్తే అడవి. చిన్నోడు అడవి దగ్గర ఆగలేదు, ఏడు చెట్లు రాసి తిరుమల ఘాట్ రోడ్డన్నాడు.

ఈ పనిలో పిల్లలకు పట్టుబడేది బొమ్మ అక్షరాల అందం కాదు, క్రమం. ఏ గీత ముందు, ఏ గీత వెనక అన్నది ఖాయం. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. గీసిన గీత మీద మళ్ళీ దిద్దకూడదు. తప్పు పోతే ఇంకో కాగితం. రబ్బరుకి అలవాటుపడ్డ మా పెద్దదానికి ఇది పెద్ద టెన్షన్. మొదట్లో కుంచె కాగితం మీద ఆనించడానికే భయపడింది, ఇప్పుడు ఊపిరి బిగపట్టి ఒక్క దెబ్బకి లాగుతోంది. కొత్త సంవత్సరం రెండో రోజున ఆ ఏటి మొదటి రాత రాయడం అక్కడ ఆనవాయితీ. మేము దాన్ని ఉగాదికి పెట్టుకుందాం అనుకుంటున్నాం. పుస్తకం ఈ అధ్యాయానికి ఇచ్చింది నాలుగు పేజీలు. కాగితం బొమ్మకి ఆరు.

అక్షరాల పటం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హిరగానా, అంటే శబ్దాన్ని బట్టి రాసే వాళ్ళ లిపిలో, మూలాక్షరాలు 46. వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ భిక్షువులు చదువుకున్న సంస్కృత వర్ణక్రమాన్ని బట్టి వచ్చిన వరస అది. తెలుగు గుణింతం వచ్చిన పిల్లలకు క కి కు కె కొ అనగానే పట్టుబడిపోతుంది. ఉచ్చారణ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చారు, అక్కడే పిల్లలు తడబడ్డారు. హ్రస్వం, దీర్ఘం తేడాకి అర్థమే మారిపోయే భాష అది, తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కళ్ళకి కనపడుతుంది. పటం మీద పెన్సిల్‌తో తెలుగులో రాసిచ్చాను, సాయంత్రానికి సగం వచ్చేసింది. మన దేశంలో అమ్మే సరుకే కదా, ప్రాంతీయ భాషల్లో ఒక్క షీటు వేస్తే ఏం పోయిందో.

దరుమ బొమ్మ బాగుంది, సరిగ్గా వచ్చుంటే ఇంకా బాగుండేది. కాగితం గుజ్జుతో చేసిన గుండ్రటి బొమ్మ, ఒళ్ళంతా ఎర్రరంగు వేయాలి, కళ్ళు మాత్రం ఖాళీగా వదలాలి. ఒక కోరిక అనుకుని ముందు దాని ఎడమ కన్ను దిద్దుతారు, అంటే మనకి కుడి వైపు కనపడేది. పని నెరవేరాక రెండోది. ఏడుసార్లు పడ్డా ఎనిమిదోసారి లేవాలి అని వాళ్ళ సామెత, అందుకే తోస్తే పడి లేచే బొమ్మ. మాకు వచ్చింది పడితే పడే ఉంది. అడుగున ఉండాల్సిన బరువు లేదు. కస్టమర్ కేర్‌కి ఫొటో పెడితే తర్వాతి కొనుగోలుకి పది శాతం కూపన్ పంపారు. కూపన్‌తో బొమ్మ లేస్తుందా? మా ఆయన పాత లావుపాటి ఐదు రూపాయల బిళ్ళ ఒకటి తెచ్చి లోపల అడుగున ఎం-సీల్‌తో అతికించాడు. ఇప్పుడు ఎంత తోసినా లేస్తోంది.

ఆ దరుమ ఎవరంటే బోధిధర్ముడు. మా మామగారికి ఈ పేరు వినగానే ఎక్కడలేని ఉత్సాహం. దక్షిణ దేశం నుంచి చైనా వెళ్ళిన భిక్షువని, కంచి పల్లవ రాజకుమారుడని ఒక సంప్రదాయం ఉంది. పర్షియా వాడని రాసిన పాత చైనా గ్రంథమూ ఉంది. రెండోది మామగారు వినలేదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోతే కంచి ఎంత దూరం, అంతా మన దగ్గర్నుంచి పోయిందే అని తేల్చేశారు. పుస్తకంలో వెనకాల సప్త అదృష్ట దేవతల బొమ్మ చూసి ఇంకా సంబరం. అందులో బెంజైతెన్ మన సరస్వతి, బిషమొన్‌తెన్ కుబేరుడు. అక్షరాల వరస కూడా మనదే అని నేనే చెప్పి దొరికిపోయాను.

మామగారు చెప్పినవన్నీ కాదనను. కానీ ఆ తీరుగా చెప్తే పిల్లలకు తెలిసేది మన గురించే, జపాన్ గురించి కాదు. బోధిధర్ముడు అక్కడికెళ్ళి ఎర్రటి కాగితం బొమ్మ ఎలా అయ్యాడు, గున్మాలోని తకసాకి ఊళ్ళో జనవరిలో ఆ బొమ్మల సంత ఎందుకు పెడతారు, ఏడాది తిరిగాక పాత బొమ్మల్ని గుడికి తెచ్చిచ్చి ఎందుకు కాలుస్తారు, వీణ పట్టుకున్న మన సరస్వతి అక్కడ బీవా అనే వాయిద్యం పట్టుకుని ఎనోషిమా లాంటి నీటి ఒడ్డు గుళ్ళలో ఎందుకుంటుంది, ఇవి కదా అడగాల్సినవి. పుస్తకం వీటి జోలికి పోలేదు. మ్యాప్‌లో తకసాకి ఎక్కడుందో చూపించడానికి కూడా మేమే ఫోన్ తీయాల్సొచ్చింది.

కాగితం బొమ్మ పేజీ చివర మార్చి 3న జరిగే బొమ్మల పండగ గురించి అర పేజీ ఉంది. అదే ఇంకొంచెం రాసుంటే నా దృష్టిలో పెట్టె విలువ పెరిగేది. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద పైన రాజు, రాణి, కింద ముగ్గురు పరిచారికలు, ఆ కింద ఐదుగురు వాయిద్యకారులు, ఇలా ఏడు మెట్ల దాకా పెడతారు. ఆడపిల్ల పుడితే తాతా అవ్వలు కొనిస్తారు. ఇది చదివి వినిపిస్తుంటే మా అత్తమ్మ లోపలికెళ్ళి తన పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన ఎర్రచందనం బొమ్మల జంట తెచ్చి ముందు పెట్టింది. తిరుపతి బొమ్మలంటే ఒకప్పుడు అవే, కొలువులో పై మెట్టు వాటిదే. పండగ అయ్యాక జపాన్‌లో బొమ్మల్ని వెంటనే సర్దేయాలట, ఆలస్యం చేస్తే ఆ ఇంటి ఆడపిల్లకి పెళ్ళి ఆలస్యమవుతుందని నమ్మకం. అది విని మా పెద్దది "అయితే సర్దకుండా వదిలేద్దాం" అంది. అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

తనబత చీటీల సంగతి. జులై 7 పండగ. నేత నేసే ఆకాశరాజు కూతురు, పశువులు కాసే కుర్రాడు పెళ్ళాడి పనులు మానేస్తే, ఆ రాజు ఇద్దర్నీ పాలపుంతకి చెరోవైపు నిలబెట్టాడు. ఏడాదికి ఒక్కసారే కలుస్తారు, ఆ రాత్రి వాన పడితే అదీ లేదు. చైనా నుంచి వచ్చిన కథ. రంగు చీటీల మీద కోరికలు రాసి వెదురుకి కడతారు. ప్లాస్టిక్ వెదురు చూస్తే నాకు విసుగొచ్చింది. బుట్టలల్లే వాళ్ళని అడిగితే నిజం కొమ్మ ఇచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇందులో పుస్తకం వదిలేసిన పెద్ద విషయం ఆకాశం. ఆ అమ్మాయి వేగా నక్షత్రం, అంటే మన అభిజిత్. ఆ కుర్రాడు ఆల్టెయిర్, అంటే మన శ్రవణం. తిరుపతిలో పుట్టి శ్రవణం తెలియని పిల్ల ఉంటుందా! శ్రీవారి జన్మ నక్షత్రం అదే, బ్రహ్మోత్సవాల్లో చక్రస్నానం ఆ నక్షత్రానికి కుదిరేలాగే పెడతారు. పేరు అందరికీ తెలుసు, పైన చూపించమంటే ఎంతమందికి వస్తుంది? జులైలో మబ్బులు. జపాన్‌లోనూ అది వానాకాలమే, సెండాయ్ ఊళ్ళో పెద్ద తనబత ఉత్సవాన్ని ఆగస్టు 6 నుంచి 8 దాకా చేస్తారు. మేము సెప్టెంబరులో మబ్బు విడిచిన రాత్రి ఒకటి చూసుకుని చంద్రగిరి కోట వైపు పోయాం, ఊళ్ళో లైట్లకి ఏమీ కనపడదు. ఎనిమిదిన్నరకి శ్రవణం దాదాపు నెత్తి మీద ఉంది, అటూ ఇటూ రెండు చిన్న చుక్కలతో. ఉత్తరం వైపు దానికంటే మెరుస్తూ అభిజిత్. మధ్యలో పాలపుంత మసక మసకగా. పిల్లలు రెంటినీ వేలు పెట్టి చూపించడం నేర్చుకున్నారు, మామగారు కూడా. పెట్టెలో ఒక చిన్న నక్షత్ర పటం పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

తిండి పొట్లాల దగ్గర జాగ్రత్త. మిసో సూప్ పొట్లం వెనక సన్న అక్షరాల్లో బొనిటో అని ఉంది, అది చేప. మాంసాహార గుర్తు ఉందనుకోండి, మిరియపు గింజంత. మా అత్తమ్మది శుద్ధ శాకాహారం, ఆ పొట్లం వంటింట్లోకి రాకుండానే కింది వాటా వాళ్ళకి పోయింది. నాకు కోపం చేప గురించి కాదు. జపాన్‌లో బౌద్ధ మఠాల వంట ఉంది, షోజిన్ ర్యోరి అంటారు. చేప, మాంసం ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రసానికి కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షీటేక్ పుట్టగొడుగులు వాడతారు. ఇండియాలో అమ్మే పెట్టెకి అంతకంటే ఏం కావాలి? ఉల్లి వెల్లుల్లి తినని ఇళ్ళు మా ఊళ్ళో ఎన్ని!

అన్నం ముద్దలు, ఒనిగిరి, మాత్రం పిల్లలు పండగలా చేశారు. పుస్తకం సుషీ బియ్యం కొనమంటుంది, అక్కర్లేదు. పాత సోనామసూరి అంటుకోదు, విడిపోతుంది. అదే కొత్త బియ్యం, మామూలుగా అయితే ముద్దవుతుందని తిట్టుకుంటాం చూడండి, దాన్ని కొంచెం ఎక్కువ నీళ్ళు పోసి వండి, వేడి మీదే ఉప్పు చేత్తో మూడు మూలల ముద్ద చేస్తే నిలుస్తుంది. లోపల వాళ్ళు ఉమెబోషి పెడతారు, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండు. మేము మాగాయ ముక్క పెట్టాం. మచ్చ టీ చేదని పిల్లలు ఉమ్మేశారు, నాకు నచ్చింది. గిన్నెని రెండు చేతులా పట్టుకుని, కొంచెం తిప్పి తాగడం వరకు చిన్నోడు ఇప్పుడు పాలతో చేస్తున్నాడు.

ఫురోషికి గుడ్డ నాణ్యత బాగుంది, సైజే చిన్నది, 50 సెంటీమీటర్లు. టిఫిన్ డబ్బాకి సరిపోతుంది, పుస్తకాలకి చాలదు. 70 దాకా ఉంటే చాలా రకాలుగా కట్టొచ్చు. అత్తమ్మ పాత చీర అంచులు కలిపి కుట్టి ఒకటి చేసిచ్చింది, అదే ఎక్కువ వాడుతున్నాం.

అన్నిటికంటే పిల్లలకు ఎక్కిన పని చివరి పేజీలో ఉంది, దానికి పెట్టెలో వస్తువే లేదు. జపాన్ బడుల్లో పిల్లలే తరగతి గదులు ఊడ్చి తుడుస్తారు. పాత తువ్వాళ్ళు మడిచి కుట్టిన గుడ్డ, జోకిన్ అంటారు, దాన్ని తడిపి పిండి, రెండు చేతులతో నేలకి ఆనించి, నడుం పైకెత్తి, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తుతూ తోస్తారు. ముందు గుడ్డ కుట్టడం. పెద్దది సూది పట్టింది, చిన్నోడు కుట్టిన దాంట్లో కుట్ల కంటే ముడులే ఎక్కువ. తర్వాత హాల్లో పందెం. అత్తమ్మకి మొదట నేల తడిసి జారుతుందని భయం, గుడ్డ బాగా పిండాలని ఆవిడే పక్కన నిలబడి నేర్పించింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి, ఇది మా షాప్ ఫ్లోర్‌లో 5ఎస్ కదా అన్నాడు. సెయిరి, సెయితోన్, సెయిసో, సెయికెత్సు, షిత్సుకే: అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవి చోట్లో పెట్టడం, శుభ్రం చేయడం, దాన్ని అలాగే నిలబెట్టడం, చెప్పకుండానే చేసే అలవాటు. ఫ్యాక్టరీలో గోడ మీద రాసి ఉంటుందట. ఆయన సాక్సులు ఎక్కడపడితే అక్కడ విప్పే అలవాటు మీద చిన్నోడు అప్పటి నుంచి రెండో ఎస్ ప్రయోగిస్తున్నాడు.

చూస్తే నాకు కనపడేది ఇదే: మళ్ళీ మళ్ళీ చేయాల్సొచ్చేవి, కుంచె, పూసలు, మడత, ముడి, తుడవడం, ఇవి పిల్లల దగ్గర ఉండిపోయాయి. ఒక్కసారి చేసి గోడకి తగిలించేవి పోయాయి. పెట్టె ఖర్చంతా ఆ రెండో రకం మీదే పెట్టారు, ఫొటోల్లో అవి బాగా పడతాయి మరి.

కొనకుండా మీరే సమకూర్చుకుంటే లెక్క ఇలా ఉంటుంది. అసలు సొరోబాన్ అబాకస్ సెంటర్ల వాళ్ళ దగ్గర మూడు వందల లోపు దొరుకుతుంది, పైన ఒకటి, కింద నాలుగు పూసలు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. మంచి గుండ్రటి కుంచె, నల్ల సిరా కలిపి రెండు మూడు వందలు. మామూలు వాటర్ కలర్ కుంచె తీసుకునేటట్టయితే నీళ్ళలో ముంచి విదిలించి, మొన కూడితేనే తీసుకోండి. దరుమకి బొమ్మ అక్కర్లేదు, బెలూన్ మీద పేపరు, గంజి పొరలు పొరలుగా అంటించి ఎండబెడితే చాలు, అడుగున బరువు మర్చిపోవద్దు. గుడ్డ, జోకిన్, వెదురు, ఆకాశం ఇంట్లోవే, ఊళ్ళోవే.

ఒరిగామి కాగితం అయిపోయాక కంపెనీవాళ్ళ రీఫిల్ ప్యాక్ మాత్రం తెప్పించకండి, అందులోనూ అదే తేడా. గాంధీ రోడ్డులో స్టేషనరీ కొట్లో పల్చటి రంగు కాగితం ఎ4 కట్ట కొని, ప్రింటింగ్ ప్రెస్‌లో కటింగ్ మెషీన్ మీద 15 సెంటీమీటర్ల చదరంగా కోయించండి. కోశాక ఒక కాగితం తీసి మూల నుంచి మూలకి మడిచి చూడండి. అంచులు కలిస్తేనే డబ్బులివ్వండి.